పాఠం 17 : సరఫరా గొలుసు ఉద్గారాలు - కంపెనీ విలువ

విషయక్రమం

17.0 లక్ష్యాలు
17.1 ఉపోద్ఘాతం
17.2 ఉద్గారాలు - మూడు పరిధులు
17.3 లెక్క కట్టే పద్ధతి - ఒక ఉదాహరణ
17.4 వెల్లడికి సంబంధించిన నియమాలు
17.5 మదుపుదారులు కంపెనీకి విలువ కట్టే తీరు
17.6 ఈ లెక్కలను ఎంతవరకు నమ్మవచ్చు?
17.7 చిన్న యూనిట్లు ఏం చేయాలి?
17.8 సారాంశం
17.9 కొత్త పదాలు
17.10 పాఠాంత ప్రశ్నలు
17.11 జవాబులు

17.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు

- సరఫరా గొలుసు ఉద్గారాలు అంటే ఏమిటో చెప్పగలుగుతారు.
- మూడు పరిధుల మధ్య తేడాను ఉదాహరణలతో వివరించగలుగుతారు.
- ఒక చిన్న కర్మాగారం ఉద్గారాలను కరెంటు బిల్లు, డీజిల్ బిల్లుల ఆధారంగా లెక్క కట్టగలుగుతారు.
- ఈ లెక్క వల్ల కంపెనీ విలువ ఎందుకు పెరుగుతుందో, ఎందుకు తగ్గుతుందో తెలుసుకొంటారు.
- ఇటువంటి లెక్కల్లోని లోపాలను గుర్తించగలుగుతారు.

17.1 ఉపోద్ఘాతం

రోడ్డు మీద వెళ్తున్న ఒక లారీని గమనించండి. దాని ముందు భాగాన ఒకే ఒక కంపెనీ పేరు కనిపిస్తుంది. కాని ఆ లారీని ఆ కంపెనీ ఒక్కటే తయారు చేయలేదు. ఉక్కు రేకు ఒక కర్మాగారం నుంచి, టైర్లు మరో చోటు నుంచి, బ్రేక్ డ్రమ్ములు ఏదో ఒక ఫౌండ్రీ నుంచి, బోల్టులు లూధియానా వంటి పట్టణంలోని ఒక షెడ్డు నుంచి వచ్చి ఉంటాయి. ఇనుప ఖనిజం గనిలో బయలుదేరిన నాటి నుంచి లారీ యజమాని చేతికి తాళం చెవి అందే వరకు సాగే ఈ వరసనే సరఫరా గొలుసు అంటారు.

ఈ గొలుసులోని ప్రతి లంకె దగ్గర బొగ్గో, డీజిలో, కరెంటో ఖర్చవుతుంది. ఆ మేరకు పొగ గాలిలో కలుస్తుంది. ఆ పొగను ఎవరి ఖాతాలో రాయాలి? బోల్టు చేసినవారి ఖాతాలోనా? లారీ అమ్మినవారి ఖాతాలోనా? ఒకప్పుడు పర్యావరణ శాస్త్రవేత్తలు మాత్రమే వేసిన ఈ ప్రశ్నను ఇప్పుడు బ్యాంకులు, షేర్ల మార్కెట్లు, విదేశాల కస్టమ్స్ శాఖలు కూడా వేస్తున్నాయి. కనుక ఇది డబ్బుకు సంబంధించిన ప్రశ్న అయింది.

"నేను షేర్లు కొనను, నాకెందుకు ఈ పాఠం?" అని మీరు అనుకోవచ్చు. రెండు కారణాల వల్ల ఇది మీకు అవసరం. మొదటిది, మీకు లేదా మీ ఇంట్లో ఎవరికైనా పి.ఎఫ్. ఖాతా ఉంటే, మీకు తెలియకుండానే మీరూ ఒక మదుపుదారు అయ్యారు. ఉద్యోగుల భవిష్య నిధి సంస్థ 2015 ఆగస్టు నుంచి తన కొత్త నిధుల్లో కొంత భాగాన్ని షేర్లతో ముడిపడిన ఫండ్లలో పెడుతోంది. రెండవది, మీరు ఫౌండ్రీలో పని చేస్తున్నా, లేత్ మిషను నడుపుతున్నా, చిన్న యూనిట్‌లో లెక్కలు రాస్తున్నా, పెద్ద కంపెనీ నుంచి మీ ముందుకు ఒక ఫారం రావచ్చు. "గత సంవత్సరం మీరు ఎన్ని యూనిట్ల కరెంటు వాడారు? ఎన్ని లీటర్ల డీజిల్ కాల్చారు?" అని అందులో అడుగుతారు. జవాబు సరిగ్గా ఇవ్వగలిగినవారికి, ఇవ్వలేనివారికి మధ్య తేడా ఎంత ఉంటుందో ఈ పాఠంలో చూద్దాం.

17.2 ఉద్గారాలు - మూడు పరిధులు

భూమి వేడిని పట్టి ఉంచే వాయువులను హరితగృహ వాయువులు అంటారు. వీటిలో ముఖ్యమైనది కార్బన్ డయాక్సైడ్. మీథేన్ వంటివి కూడా ఉన్నాయి. వందేళ్ల కాలంలో చూస్తే ఒక కిలో మీథేన్, ఒక కిలో కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 28 రెట్లు ఎక్కువ వేడిని పట్టి ఉంచుతుంది. కనుక అన్ని వాయువులనూ కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన బరువులోకి మార్చి, టన్నులలో చెప్తారు. బియ్యాన్ని కిలోల్లో, పాలను లీటర్లలో కొన్నా, చివరికి ఇంటి ఖర్చును రూపాయల్లో చెప్పుకొన్నట్లే ఇది కూడా.

కంపెనీలు ఈ లెక్క రాయడానికి ఒక ఉమ్మడి పద్ధతి ఉంది. వరల్డ్ రిసోర్సెస్ ఇన్‌స్టిట్యూట్, సుస్థిర అభివృద్ధి కోసం ఏర్పడిన ప్రపంచ వ్యాపార మండలి కలిసి 2001లో దీనిని ప్రచురించాయి. ఈ పద్ధతి ఉద్గారాలను మూడు పరిధులుగా విభజిస్తుంది. ఇంగ్లీషులో వీటిని స్కోప్ 1, స్కోప్ 2, స్కోప్ 3 అంటారు.

మొదటి పరిధి : కంపెనీ తన ఆవరణలో, తన సొంత యంత్రాలలో, తన సొంత వాహనాలలో కాల్చిన ఇంధనం వల్ల వచ్చేవి. ఉదాహరణ: కొలిమిలోని బొగ్గు, జనరేటర్‌లోని డీజిల్.

రెండవ పరిధి : కంపెనీ కొని వాడుకొన్న కరెంటు వల్ల వచ్చేవి. పొగ వచ్చేది థర్మల్ కేంద్రం గొట్టం నుంచే అయినా, ఆ కరెంటును వాడుకొన్నది కంపెనీ కనుక ఈ లెక్కలో చూపుతారు.

మూడవ పరిధి : పై రెండింటిలోకి రానివన్నీ. కొన్న ముడి సరుకు తయారీలో, ఇతరుల లారీల మీద జరిగిన రవాణాలో, అమ్మిన సరుకును వినియోగదారు వాడేటప్పుడు, చివరికి దానిని తుక్కుగా పారేసేటప్పుడు వచ్చేవి. ఈ పరిధికి ప్రత్యేక ప్రమాణాన్ని 2011లో ప్రచురించారు. అందులో 15 తరగతులు ఉన్నాయి.

చాలా తయారీ కంపెనీల విషయంలో మూడవ పరిధి, మిగిలిన రెండింటినీ కలిపినదాని కంటే పెద్దది. లారీ తయారుచేసే కంపెనీనే తీసుకోండి. లారీని బిగించేటప్పుడు వచ్చే పొగ కంటే, అది పదేళ్లపాటు రోడ్ల మీద తిరిగేటప్పుడు వచ్చే పొగ చాలా ఎక్కువ.

మూడవ పరిధి ఎందుకు అవసరమో మరొక విధంగా చూద్దాం. ఒక కంపెనీ తన ఆవరణలోని కొలిమిని పక్క షెడ్డు యజమానికి అమ్మివేసి, అక్కడి నుంచే పోతలు కొనడం మొదలుపెట్టిందనుకొందాం. కాగితం మీద ఆ కంపెనీ మొదటి పరిధి ఒక్కసారిగా పడిపోతుంది. ఆకాశంలోకి వెళ్లే పొగ మాత్రం ఒక్క గ్రాము కూడా తగ్గదు. మూడవ పరిధి లెక్క లేకపోతే ఇటువంటి మార్పును "ప్రగతి" అని చూపించుకోవడం సులభం.

మీ ప్రగతిని పరిశీలించుకోండి - 1

గమనిక : జవాబులను మీ నోటు పుస్తకంలో రాయండి. పాఠం చివర ఇచ్చిన జవాబులతో సరిపోల్చుకోండి.

కింది ఉద్గారాలు బిస్కట్ల కంపెనీకి ఏ పరిధిలోకి వస్తాయో రాయండి.
అ) కంపెనీ సొంత బాయిలర్‌లో కాల్చిన బొగ్గు
ఆ) కొన్న గోధుమ పిండిని మిల్లులో ఆడించినప్పుడు వాడిన కరెంటు
ఇ) బిస్కట్ల ఫ్యాక్టరీ విద్యుత్ సంస్థ నుంచి కొన్న కరెంటు
ఈ) సరుకును దుకాణాలకు చేర్చిన బయటివారి లారీల డీజిల్

17.3 లెక్క కట్టే పద్ధతి - ఒక ఉదాహరణ

ఉద్గారాలను త్రాసులో పెట్టి తూచనక్కరలేదు. వాడిన ఇంధనం పరిమాణాన్ని ఉద్గార గుణకంతో గుణిస్తే సరిపోతుంది. ఒక ప్రమాణం ఇంధనానికి ఎంత కార్బన్ డయాక్సైడ్ వస్తుందో చెప్పే సంఖ్యే ఉద్గార గుణకం. రెండు గుణకాలను గుర్తుపెట్టుకోండి.

- ఒక లీటరు డీజిల్ కాలితే సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది.
- మన దేశంలో గ్రిడ్ నుంచి వచ్చే ఒక యూనిట్ కరెంటుకు సుమారు 0.7 కిలోలు వస్తుంది. ఈ గుణకాన్ని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ ఎప్పటికప్పుడు ప్రకటిస్తుంది.

ఇప్పుడు కరెంటు కొలిమి ఉన్న ఒక చిన్న ఫౌండ్రీని ఊహించండి. అది నెలకు 20 టన్నుల పోతలు పోస్తుంది. 1,000 లీటర్ల డీజిల్, 20,000 యూనిట్ల కరెంటు వాడుతుంది. ముడి సరుకుగా ఇనుప తుక్కుతోపాటు 10 టన్నుల పిగ్ ఐరన్ కొంటుంది. పిగ్ ఐరన్ టన్నుకు 2 టన్నుల ఉద్గారాలు అనుకొందాం. లెక్క సులభంగా ఉండడానికి తుక్కును, రవాణాను వదిలేద్దాం.

మొదటి పరిధి : 1,000 x 2.7 = 2,700 కిలోలు = 2.7 టన్నులు
రెండవ పరిధి : 20,000 x 0.7 = 14,000 కిలోలు = 14 టన్నులు
మూడవ పరిధి : 10 x 2 = 20 టన్నులు
మొత్తం : 36.7 టన్నులు

ఈ లెక్కలో రెండు విషయాలు గమనించండి. కొన్న ముడి ఇనుముతో వచ్చిన ఉద్గారాలు, ఫౌండ్రీ సొంత వాడకం వల్ల వచ్చినవాటి కంటే ఎక్కువ. ఇది మొదటి విషయం. రెండవది, ఈ ఫౌండ్రీ పోతల్లో సగం, అంటే 10 టన్నులు, ఒక లారీల కంపెనీ కొంటే ఆ కంపెనీ తన మూడవ పరిధిలో 36.7లో సగం, అంటే 18.35 టన్నులు రాసుకోవాలి. ఒకరి మొదటి, రెండవ పరిధులు మరొకరికి మూడవ పరిధి అవుతాయి. కనుకనే పెద్ద కంపెనీ లెక్క సరిగ్గా ఉండాలంటే చిన్న షెడ్డులో బిల్లుల ఫైలు సరిగ్గా ఉండాలి.

17.4 వెల్లడికి సంబంధించిన నియమాలు

కంపెనీ తన లెక్కను బహిరంగంగా ప్రకటించడాన్ని వెల్లడి అంటారు. దీనిపై వివిధ చోట్ల ఉన్న నియమాలను చూద్దాం.

(అ) మన దేశంలో : షేర్ల మార్కెట్లను నియంత్రించే సంస్థ సెబీ. 2012లో అది మార్కెట్ విలువలో మొదటి 100 స్థానాల్లో ఉన్న కంపెనీలకు వ్యాపార బాధ్యత నివేదికను తప్పనిసరి చేసింది. 2021లో దాని స్థానంలో మరింత వివరమైన వ్యాపార బాధ్యత, సుస్థిరత నివేదికను ప్రవేశపెట్టింది. 2022-23 నుంచి ఇది మొదటి 1,000 కంపెనీలకు తప్పనిసరి అయింది. మొదటి, రెండవ పరిధులు ఈ నివేదికలో తప్పనిసరి అంశాలు. మూడవ పరిధి ఐచ్ఛికం.

2023 జులైలో సెబీ మరో అడుగు వేసింది. ముఖ్యమైన అంకెలను బయటి నిపుణులతో తనిఖీ చేయించాలని చెప్పింది. మొదటి 250 కంపెనీలు తమకు సరుకు ఇచ్చేవారి, తమ దగ్గర కొనేవారి వివరాలు కూడా ఇవ్వాలని, ఇవ్వలేకపోతే కారణం చెప్పాలని కోరింది. అయితే చిన్న యూనిట్ల నుంచి వివరాలు రాబట్టడం కష్టమని కంపెనీలు చెప్పాయి. 2025 మార్చిలో సెబీ ఈ భాగాన్ని ఒక సంవత్సరం వాయిదా వేసి, స్వచ్ఛందం చేసింది. కొనుగోళ్లలో లేదా అమ్మకాల్లో ఒక్కొక్కరి వాటా 2 శాతం, అంతకుమించి ఉన్నవారి వివరాలు ఇస్తే చాలని సడలించింది.

(ఆ) యూరప్‌లో : యూరోపియన్ యూనియన్ 2023లో కార్బన్ సరిహద్దు సర్దుబాటు విధానాన్ని చట్టం చేసింది. దీనినే సీబామ్ అంటున్నారు. ఇనుము-ఉక్కు, అల్యూమినియం, సిమెంటు, ఎరువులు, హైడ్రోజన్, విద్యుత్తు దీని కిందికి వస్తాయి. 2023 అక్టోబరు 1 నుంచి 2025 డిసెంబరు 31 వరకు దిగుమతిదారులు లెక్క చెప్తే సరిపోయింది. 2026 జనవరి 1 నుంచి వచ్చే సరుకుకు లెక్కతోపాటు డబ్బు కూడా కట్టాలి. ఉద్గారాలకు తగినన్ని సర్టిఫికెట్లు కొనడం ద్వారా ఈ చెల్లింపు జరుగుతుంది. ఉత్పత్తిదారు అసలు లెక్క ఇవ్వకపోతే ముందుగా నిర్ణయించిన ప్రమాణ విలువలను వాడతారు. లెక్క ఇవ్వనివారికి అవి సాధారణంగా నష్టమే.

(ఇ) అంతర్జాతీయంగా : అంతర్జాతీయ సుస్థిరత ప్రమాణాల మండలి 2023 జూన్‌లో విడుదల చేసిన రెండవ ప్రమాణం మూడవ పరిధిని కూడా వెల్లడించాలని కోరుతుంది. ఏ దేశం ఎంతవరకు అమలు చేస్తుందన్నది ఆ దేశం నిర్ణయం. అమెరికాలో షేర్ల నియంత్రణ కమిషన్ 2024 మార్చిలో చేసిన నియమం నుంచి మూడవ పరిధిని తొలగించింది. ఆ నియమం కోర్టు వివాదాల్లో నిలిచిపోయింది. 2025 మార్చిలో కమిషనే దానిని సమర్థించడం మానుకొంది. కాలిఫోర్నియా రాష్ట్రం మాత్రం 2023లో పెద్ద కంపెనీలన్నింటికీ మూడవ పరిధిని కూడా చేర్చి చట్టం చేసింది.

ఈ వివరాలను బట్టి ఒక విషయం స్పష్టమవుతుంది. నియమాలు ఒక చోట బిగుస్తున్నాయి, మరో చోట సడలుతున్నాయి. కాని ఎగుమతి చేసే కంపెనీ తన దేశపు నియమంతోపాటు కొనేవారి దేశపు నియమాన్ని కూడా పాటించక తప్పదు.

మీ ప్రగతిని పరిశీలించుకోండి - 2

ఖాళీలను పూరించండి.
అ) సెబీ నివేదికలో ............ పరిధి ఐచ్ఛికం.
ఆ) సీబామ్‌లో చెల్లింపుతో కూడిన దశ ............ సంవత్సరంలో మొదలైంది.
ఇ) ఒక వర్క్‌షాపు నెలకు 5,000 యూనిట్ల కరెంటు వాడితే రెండవ పరిధి ఉద్గారాలు సుమారు ............ టన్నులు.

17.5 మదుపుదారులు కంపెనీకి విలువ కట్టే తీరు

పాడి గేదెను కొనేటప్పుడు ఈ పూట ఇచ్చే పాలనే చూడరు. ఇంకా ఎన్ని ఈతలు ఈనుతుంది, మేతకు ఎంతవుతుంది, రోగం వచ్చే అవకాశం ఉందా అని విచారిస్తారు. అమ్మేవాడు నిజం చెప్తున్నాడా అని కూడా చూస్తారు. కంపెనీ షేరు కొనేవారు చేసేదీ ఇదే. రాబోయే సంవత్సరాల లాభాలను అంచనా వేసి, వాటికి ఈ రోజు ఎంత ఇవ్వవచ్చో నిర్ణయిస్తారు. సులభ పద్ధతిలో, ఏడాది లాభాన్ని ఒక గుణిజంతో గుణించి కంపెనీ విలువ చెప్తారు.

ఉద్గారాలు ఈ విలువను నాలుగు దారుల్లో తాకుతాయి.

1. ఖర్చు : సరిహద్దు చెల్లింపులు, దేశీయ కార్బన్ మార్కెట్ నియమాలు లాభాన్ని తగ్గిస్తాయి. మన ప్రభుత్వం 2023లో కార్బన్ క్రెడిట్ల వ్యాపార పథకాన్ని ప్రకటించింది.

2. ఆర్డర్లు : కొనేవారు తమ మూడవ పరిధిని తగ్గించుకోవాలనుకొంటే, తక్కువ ఉద్గారాలతో సరుకు ఇచ్చేవారివైపు మళ్లుతారు.

3. పెట్టుబడి ధర : అపాయం ఎక్కువని తోస్తే బ్యాంకు వడ్డీ ఎక్కువ అడుగుతుంది, మదుపుదారు రాబడి ఎక్కువ కోరుతాడు.

4. నమ్మకం : లెక్క చెప్పలేని యాజమాన్యానికి తన కర్మాగారం గురించి తెలియదా, లేక తెలిసీ దాస్తోందా అనే అనుమానం వస్తుంది.

ఉక్కు పరిశ్రమలో ఈ తేడాలు స్పష్టంగా కనిపిస్తాయి. విశాఖపట్నం ఉక్కు కర్మాగారం వంటి పెద్ద ప్లాంట్లలో ఖనిజాన్ని కోక్ బొగ్గుతో బ్లాస్ట్ ఫర్నేసులో కరిగిస్తారు. ఈ దారిలో ఉద్గారాలు ఎక్కువ. తుక్కును కరెంటు కొలిమిలో కరిగించే దారిలో తక్కువ. టన్ను ఉక్కుకు ప్రపంచ సగటు సుమారు 1.9 టన్నులైతే, మన దేశపు సగటు సుమారు 2.5 టన్నులు. 2024 డిసెంబరులో కేంద్ర ఉక్కు మంత్రిత్వ శాఖ హరిత ఉక్కుకు నిర్వచనం ఇచ్చింది. టన్ను ఉక్కుకు 2.2 టన్నుల కంటే తక్కువ ఉద్గారాలు ఉంటేనే ఆ పేరు వర్తిస్తుంది. 1.6 కంటే తక్కువైతే అయిదు నక్షత్రాల గుర్తింపు ఇస్తారు.

ఇప్పుడు ఒక ఊహా ఉదాహరణను చూద్దాం. క, గ, చ అనే మూడు ఉక్కు కంపెనీలు ఉన్నాయి. ప్రతిదానికీ ఏడాది లాభం 100 కోట్ల రూపాయలు. ప్రతిదీ లక్ష టన్నుల ఉక్కును యూరప్‌కు పంపుతుంది. ఉద్గారాల టన్నుకు 2,000 రూపాయలు చెల్లించాలని, ఆ భారం అంతా కంపెనీ మీదే పడుతుందని అనుకొందాం. విలువకు గుణిజం 15. నిజ జీవితంలో ఈ భారాన్ని కొనేవారు, అమ్మేవారు బేరమాడి పంచుకొంటారు. ఇక్కడ లెక్క అర్థం కావడానికి ఇలా తీసుకొన్నాం.

క కంపెనీ : టన్నుకు 2.5 టన్నుల ఉద్గారాలు. చెల్లింపు 1,00,000 x 2.5 x 2,000 = 50 కోట్లు. మిగిలిన లాభం 50 కోట్లు. విలువ 50 x 15 = 750 కోట్లు.

గ కంపెనీ : టన్నుకు 2 టన్నుల ఉద్గారాలు. చెల్లింపు 40 కోట్లు. మిగిలిన లాభం 60 కోట్లు. విలువ 60 x 15 = 900 కోట్లు.

చ కంపెనీ : లెక్క వెల్లడించలేదు. మదుపుదారు జాగ్రత్త కోసం టన్నుకు 3 టన్నులు అని ఊహిస్తాడు. చెల్లింపు 60 కోట్లు. మిగిలిన లాభం 40 కోట్లు. విలువ 40 x 15 = 600 కోట్లు.

చ కంపెనీ నిజమైన ఉద్గారాలు గ కంపెనీ లాగానే 2 టన్నులు అయి ఉండవచ్చు. అయినా దాని విలువ 300 కోట్లు తక్కువగా తేలింది. ఆ నష్టం పొగ వల్ల రాలేదు. మౌనం వల్ల వచ్చింది. ఇదే ఈ పాఠంలోని ముఖ్యాంశం. తెలియని దానికి మార్కెట్ సున్నా రాయదు. చెడునే ఊహించి రాస్తుంది.

17.6 ఈ లెక్కలను ఎంతవరకు నమ్మవచ్చు?

మదుపుదారులు నిజంగానే ఇలా విలువ కడుతున్నారా? దీనిపై పరిశోధనలు జరిగాయి. ఎల్లా మే మత్సుమురా, ఆమె సహ పరిశోధకులు అమెరికాలోని పెద్ద కంపెనీల 2006-2008 నాటి వివరాలను పరిశీలించి 2014లో ఫలితాలు ప్రచురించారు. ఉద్గారాలు వెయ్యి టన్నులు ఎక్కువైన కొద్దీ కంపెనీ విలువ సగటున 2,12,000 డాలర్లు తక్కువగా ఉందని వారు కనుగొన్నారు. వెల్లడించని కంపెనీల విలువ, అటువంటివే అయి వెల్లడించిన కంపెనీల కంటే ఇంకా తక్కువగా ఉందని కూడా గమనించారు. అంటే ఉద్గారాలకు ఒక శిక్ష, దాచినందుకు మరో శిక్ష.

2021లో పాట్రిక్ బోల్టన్, మార్చిన్ కాట్స్‌పెర్చిక్ అనే ఆర్థికవేత్తలు, ఎక్కువ ఉద్గారాలున్న కంపెనీల షేర్ల మీద మదుపుదారులు ఎక్కువ రాబడి కోరుతున్నారని చెప్పారు. అయితే జితేంద్ర అశ్వాని, అనీష్ రఘునందన్, శివ రాజ్‌గోపాల్ దీనిని ప్రశ్నించారు. కంపెనీలు స్వయంగా చెప్పిన అంకెలకు, డేటా అమ్మే సంస్థలు అంచనా కట్టిన అంకెలకు తేడా ఉందని, ఉత్పత్తి పరిమాణాన్ని లెక్కలోకి తీసుకొంటే ఆ సంబంధం నిలబడదని వారు చూపారు. కనుక ఈ చర్చ ఇంకా ముగియలేదు.

మూడవ పరిధి లెక్కల్లో ఈ కింది లోపాలను మీరు గుర్తుంచుకోవాలి.

- రూపాయల లెక్క : అసలు వివరాలు దొరకనప్పుడు "ఇన్ని రూపాయల సరుకు కొన్నాం, రూపాయికి ఇంత ఉద్గారం" అని అంచనా వేస్తారు. అప్పుడు సరుకు ధర పెరిగితే, పొగ పెరగకపోయినా ఉద్గారాలు పెరిగినట్లు కనిపిస్తుంది.

- పునరావృత లెక్క : ఒకే టన్ను పొగ ఫౌండ్రీ ఖాతాలోనూ, లారీల కంపెనీ ఖాతాలోనూ, రవాణా కంపెనీ ఖాతాలోనూ కనిపిస్తుంది. అందువల్ల అన్ని కంపెనీల మూడవ పరిధులను కూడి దేశపు మొత్తం అని చెప్పరాదు.

- ఎంపిక : ఒక కంపెనీ 15 తరగతుల్లో అన్నీ చూపి, మరొకటి మూడే చూపితే, రెండవది శుభ్రమైనదిగా కనిపిస్తుంది. పోల్చేముందు ఏవి చేర్చారో చూడాలి.

మంచి మదుపుదారు అంకె ఎంత అని మాత్రమే చూడడు. అది బిల్లుల నుంచి వచ్చిందా, ఊహ నుంచి వచ్చిందా, ఎవరైనా తనిఖీ చేశారా అని కూడా చూస్తాడు.

17.7 చిన్న యూనిట్లు ఏం చేయాలి?

ఈ విధానంలో ఒక అన్యాయం ఉంది. వివరాలు అడిగేది పెద్ద కంపెనీ. విలువ పెరిగితే లాభపడేది దాని వాటాదారులు. లెక్కలు రాసే శ్రమ, మీటర్ల ఖర్చు మాత్రం చివరి లంకె అయిన చిన్న షెడ్డు మీద పడుతుంది. నలుగురు పెద్ద కొనుగోలుదారులు ఉంటే నాలుగు రకాల ఫారాలు వస్తాయి. అందువల్ల, వివరాలు కోరే కంపెనీ శిక్షణను కూడా ఇవ్వాలని, ఒకే నమూనా ఫారం ఉండాలని అడిగే హక్కు చిన్న యూనిట్లకు ఉంది. ఒక్కరుగా కాక సంఘంగా అడిగితే ఆ మాటకు బలం ఉంటుంది.

అయినప్పటికి, ఈ లెక్క ఉంచుకోవడం చిన్న యూనిట్‌కు సొంతంగా కూడా లాభమే. టన్ను పోతకు ఎన్ని యూనిట్ల కరెంటు అవుతోందో తెలిస్తే ఎక్కడ వృథా అవుతోందో తెలుస్తుంది. ఉద్గారాల పట్టిక, ఖర్చుల పట్టిక చాలావరకు ఒకటే. కింది అయిదు రికార్డులను నెలవారీగా ఉంచుకోండి.

1. కరెంటు బిల్లులు - యూనిట్లతో సహా. సోలార్ ఉంటే దాని మీటరు రీడింగు విడిగా.
2. డీజిల్, గ్యాస్, బొగ్గు కొన్న బిల్లులు - లీటర్లు లేదా కిలోలతో.
3. ముడి సరుకు కొన్న బరువు - రకం వారీగా, ఎవరి దగ్గర కొన్నదీ.
4. తయారైన సరుకు బరువు, తిరస్కరణకు గురైన సరుకు బరువు.
5. ఏ కొనుగోలుదారుకు ఎంత బరువు పంపినదీ.

రూపాయలు ఒక్కటే రాస్తే చాలదు. ధరలు మారుతుంటాయి. యూనిట్లు, లీటర్లు, కిలోలు రాసి ఉంటేనే తరువాత లెక్క కట్టవచ్చు. తెలియని అంకెను ఊహించి నింపవద్దు. "అంచనా" అని రాసి, ఎలా అంచనా వేశారో ఒక వాక్యం చేర్చండి. తనిఖీలో తప్పుడు అంకె బయటపడితే అంచనా ఇచ్చినదాని కంటే ఎక్కువ నష్టం.

17.8 సారాంశం

- సరుకు తయారీలోని ప్రతి దశలో ఉద్గారాలు వస్తాయి. వాటిని మూడు పరిధులుగా లెక్కిస్తారు.
- వాడిన ఇంధన పరిమాణాన్ని ఉద్గార గుణకంతో గుణిస్తే ఉద్గారాలు వస్తాయి.
- ఒక యూనిట్ సొంత ఉద్గారాలు, దాని దగ్గర కొనే కంపెనీకి మూడవ పరిధి అవుతాయి.
- ఖర్చు, ఆర్డర్లు, పెట్టుబడి ధర, నమ్మకం అనే నాలుగు దారుల్లో ఉద్గారాలు కంపెనీ విలువను మారుస్తాయి.
- లెక్క చెప్పకపోతే, మార్కెట్ చెడును ఊహించి విలువ తగ్గిస్తుంది.
- మూడవ పరిధి అంకెల్లో అంచనాలు, పునరావృతాలు ఉంటాయి. జాగ్రత్తగా చదవాలి.

17.9 కొత్త పదాలు

ఉద్గారాలు : ఇంధనం కాల్చడం వంటి పనుల వల్ల గాలిలోకి వెలువడే వాయువులు.
ఉద్గార గుణకం : ఒక ప్రమాణం ఇంధనానికి లేదా కరెంటుకు వచ్చే ఉద్గారాల బరువు.
వెల్లడి : కంపెనీ తన వివరాలను బహిరంగంగా ప్రకటించడం.
మదుపుదారు : రాబడి ఆశించి షేర్లు, బాండ్లు వంటివాటిలో డబ్బు పెట్టేవారు.
గుణిజం : ఏడాది లాభానికి ఎన్ని రెట్లు కంపెనీ విలువ అని చెప్పే సంఖ్య.

17.10 పాఠాంత ప్రశ్నలు

1. మూడు పరిధులను మీకు తెలిసిన ఒక పరిశ్రమకు అన్వయించి వివరించండి.
2. కొలిమిని అమ్మివేసిన కంపెనీ ఉద్గారాలు తగ్గినట్లు కనిపించినా నిజానికి ఎందుకు తగ్గలేదు?
3. 17.5లోని ఉదాహరణలో చెల్లింపు టన్నుకు 1,000 రూపాయలు అయితే క, గ, చ కంపెనీల విలువలు ఎంత?
4. చిన్న యూనిట్లు ఉద్గారాల లెక్క ఇవ్వడం న్యాయమేనా? రెండు వైపుల వాదనలను రాసి, మీ అభిప్రాయం చెప్పండి.
5. మీ ఇంటి గత నెల కరెంటు బిల్లు తీసుకొని రెండవ పరిధి ఉద్గారాలను లెక్క కట్టండి.

17.11 జవాబులు

మీ ప్రగతిని పరిశీలించుకోండి - 1
అ) మొదటి పరిధి ఆ) మూడవ పరిధి ఇ) రెండవ పరిధి ఈ) మూడవ పరిధి

మీ ప్రగతిని పరిశీలించుకోండి - 2
అ) మూడవ ఆ) 2026 ఇ) 3.5

పాఠాంత ప్రశ్న 3
క : చెల్లింపు 25 కోట్లు, లాభం 75 కోట్లు, విలువ 1,125 కోట్లు.
గ : చెల్లింపు 20 కోట్లు, లాభం 80 కోట్లు, విలువ 1,200 కోట్లు.
చ : చెల్లింపు 30 కోట్లు, లాభం 70 కోట్లు, విలువ 1,050 కోట్లు.

చెల్లింపు రేటు సగమైతే కంపెనీల మధ్య తేడా కూడా సగమైందని గమనించారా? రేటు పెరిగితే తేడా పెరుగుతుంది. అప్పుడు మౌనానికి కట్టవలసిన ధర కూడా పెరుగుతుంది.